బెత్తెడు ఎక్కువ

నమోదు 301

గాలి జల్లెడలన్నీ కడిగాను. నాలుగో సొరంగంలో ఎప్పటిలాగే జుట్టు, చీరల పీచు, ఎవరో పసివాడి సాక్సు ఒకటి. నేల వదిలి పైకొచ్చి ఇన్నేళ్ళయినా మా పేటవాళ్ళు సాక్సుల్ని గాల్లోకి ఎలా పోగొట్టుకుంటారో నాకు అంతుపట్టదు.

"విశేషాలు" అన్న గడిలో ఇదివరకు "ఏమీ లేవు" అని కొడితే యంత్రం ఊరుకునేది. కొత్తగా ఏం మార్చారో గానీ ఇప్పుడు ఊరుకోవడం లేదు, ఇంకా రాయమంటోంది. చదివేవాడు ఎవడూ లేడని నాకు తెలుసు. సరే, కావాలంటే తీసుకో.

విశేషం ఏమిటంటే, నిన్న మా ఆడపడుచు పైడితల్లి టీవీలో పడింది. ఆకాశంలో గిర్రున తిరిగే మా చక్రంలో ఉన్న ఎనిమిది వాడలూ చూశాయి.

పైడి గెంతుల పందేల్లో మా వెల్డర్ల పేట తరఫున పరిగెత్తుతుంది. ఏటవాలు గోడ ఎక్కాలి, తిరిగే దుంగల మీద నడవాలి, ఊగే తాళ్ళు దాటాలి. చివరికి ఎత్తరుగు మీద నుంచి గాల్లోకి గెంతి అవతలి కడ్డీని రెండు చేతులతో పట్టుకుని వేలాడాలి. దాన్ని గబ్బిలం కడ్డీ అంటారు. తలుపులు మూసి జరిపే రౌండ్లలో పైడిని మించినవాళ్ళు లేరు. జనం ముందు జరిగే రౌండ్లకి వచ్చేసరికి అదే మనిషి, అదే గెంతు, కడ్డీ దగ్గర తప్పుతుంది. నిన్న అరచేతులకి అందాల్సిన కడ్డీ మోచేతులకి తగిలి వలలో పడింది. "ఓ రోజు పులి, ఓ రోజు పిల్లి! నిలకడే లేదు ఈ అమ్మాయికి!" అన్నాడు టీవీలో వ్యాఖ్యాత. ఆ మాట వాడికే ముద్దొచ్చినట్టుంది, మళ్ళీ మళ్ళీ అన్నాడు.

ఇంటికొచ్చి గోడకి చేరగిలబడి కూర్చుంది. మోచేతులు రెండూ వాచిపోయాయి.

"నానేటీ మార్సనేదు వొదినా. ఎప్పుడూ గెంతినట్టే గెంతినాను. కడ్డీయే మీదికొచ్చీసినాది."

"కడ్డీకి కాల్లొచ్చినాయేటి?"

"ఆడు, ఆడు. నీ సొమ్మేటి పోనాది."

వదిన అన్నాక ఆ మాత్రం ఆడిపోసుకోకపోతే ఎలా. ఉప్మా వేడిచేసి పెట్టాను. అది తింది, నేను చూశాను. నాకు ఏమీ అనిపించలేదు. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ ఇంతే. ఆకలేస్తే తింటాను, పిలిస్తే పలుకుతాను, నిద్రొస్తే పడుకుంటాను. తక్కినదంతా ఎక్కడికో పోయింది, నేనూ వెతకలేదు.

నమోదు 303

జల్లెడలు సగమే కడిగాను, సబ్బు అయిపోయింది. సబ్బు అడిగాను, రేపన్నారు.

మా ఆయన పేరు ఎర్నాయుడు. పైడికి అన్న. చెల్లెలికి గెంతడం నేర్పింది ఆయనే. రెండు సీజన్ల కిందట ఫైనల్లో గబ్బిలం కడ్డీకి గెంతాడు. కడ్డీ చేతులకి కాకుండా గొంతుకి తగిలింది. వలలో పడేసరికే తెలివి లేదు. ఆస్పత్రిలో మాట్లాడకుండానే పోయాడు.

బెత్తెడు ఎక్కువ గెంతాడని టీవీలో గీతలు గీసి మరీ చూపించారు. పొగరన్నారు. పక్క వాడల్లో ఇంకో మాట కూడా పుట్టింది. పందెం అమ్ముకున్నాడట, పడినట్టు నటించబోయి నిజంగానే పడ్డాడట. మా పేటలో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. నెల్లాళ్ళు మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వకుండా వండి తెచ్చారు.

మా పేటవాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. మిగతా వాడలవాళ్ళు ఇంట్లో కూర్చుని టీవీలో చూస్తారు, మైదానానికి పిడికెడుమంది వస్తారు. మావాళ్ళకి అలా కుదరదు. మా మనిషి పరిగెత్తే వేళకి పేటలో ఒక్క ప్రాణి ఇంట్లో ఉండకూడదు. పొయ్యి ఆర్పాలి, గుమ్మం దాటాలి, చెప్పుల్లేకుండా నడవాలి. ఇంటికో గటం నిండా నీళ్ళు పోసి నెత్తినెత్తుకోవాలి. వేపమండలు ఇక్కడ దొరకవు కాబట్టి గటం మెడకి నాచు కడతారు. పురుడు వెళ్ళిన బాలింతలు వస్తారు, మంచాన పడ్డవాళ్ళని మంచంతో తెస్తారు. కడ్డీ ఎదురుగా ఉన్న మెట్ల మీద అందరూ కిక్కిరిసి నిలబడతారు. మనిషి కడ్డీ పట్టుకోగానే గటాలు దించి ఆ నీళ్ళు నేల మీద సాక పోస్తారు. వంతు అయిపోగానే ఎలా వచ్చారో అలాగే వెళ్ళిపోతారు, తరవాతి వాడి పరుగు చూడ్డానికి ఒక్కరూ ఆగరు.

ఆ వేళకి ఇంట్లో ఉండేది మైల పట్టినవాళ్ళే. ఉత్తినే ఇంట్లో ఉంటే మైలని చేతులారా పిలిచినట్టట. కింద ఓడల రేవులో పనిచేసే రోజుల్నుంచీ ఉన్న ఆచారం. అక్కడ ఓడ నీళ్ళలోకి దించే రోజున ఇలాగే కదిలేవారట. ఇక్కడ ఓడల్లేవు, పందేలున్నాయి.

నమోదు 304

సబ్బు వచ్చింది.

పందేల సంఘం పిలిస్తే పైడికి తోడుగా వెళ్ళాను. బల్ల వెనక కూర్చున్నాయన పేరు ప్రభంజనరావు. మర్యాదస్థుడు, ముందు టీ ఇప్పించాడు.

"చూడమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. మూసిన రౌండ్లలో ఒక్కసారి కూడా తప్పని కడ్డీ జనం ముందు ప్రతిసారీ ఎలా తప్పుతోంది? బయట ఏమనుకుంటున్నారో నీకూ తెలుసు."

"తెలుసండి," అంది పైడి.

"నీకున్న పాయింట్లతో ఎలాగూ ఫైనల్ దాకా వస్తావు. అక్కడ కూడా కడ్డీ తప్పితే, అమ్ముడుపోయావని రాయక తప్పదు. అప్పుడు మీ అన్నగారి విషయం కూడా మళ్ళీ తోడతారు. మా సంఘం గోడ మీద ఆయన ఫొటో ఉంచడం నా వల్ల కాదు."

పైడి టీ ముట్టుకోలేదు. నేను రెండు కప్పులూ తాగాను, పారబొయ్యడం ఎందుకని. ఇద్దరం బయటికొచ్చాం.

"అన్నయ్య ఫొటో తీసెస్తారట."

"ఫొటోదేటుందే. ఇంటికాడ ఇంకోటుంది."

"అలగనకు వొదినా."

నిజమే, అనకూడదు. పైడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళల్లో ఏమీ తిరగలేదు కాబట్టి నోటికొచ్చింది అన్నాను.

నమోదు 307

ఈరోజు సెమీఫైనల్. సెలవు అడిగితే మూడో సొరంగంలో జల్లెడ పూడుకుపోయింది, కుదరదన్నారు. గుమ్మం దాటాను గదా, మైదానమైతేనేం సొరంగమైతేనేం అనుకుని పనికొచ్చాను. నా గటం పక్కింటి గౌరమ్మ మోస్తానంది. తనది నెత్తిన, నాది చంకన.

మా సొరంగాలు మైదానానికి పావు చక్రం దూరంలో ఉంటాయి. తొట్టిలో జల్లెడ ముంచి రుద్దుతుంటే నీళ్ళు ఒక పక్కకి వచ్చేశాయి. తొట్టిని నేనే తన్నానేమో అనుకున్నాను. కాదు. నీళ్ళు ఒక అంచున పైకీ ఇంకో అంచున కిందికీ ఉన్నాయి, అలాగే కదలకుండా ఉన్నాయి. గోడ అవతల పంపు ఊళపెట్టడం మొదలెట్టింది.

హైమవతి గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆవిడ తూకం ఇంజినీరు. చక్రంలో ఒక పక్క బరువు పెరిగితే రెండో పక్కకి నీళ్ళు తోడించి సమం చెయ్యడం ఆవిడ పని. పక్క గదే అయినా ఎదురుపడితే నమస్కారం, అంతే మా పరిచయం.

"దాలమ్మగారూ, ఆ వాల్వు పిడి కాస్త పట్టండి, నా ఒక్కదాని వల్ల కావడం లేదు!"

పట్టాను. ఇద్దరం కలిసి తిప్పాం.

"ఏమైందండీ?" అన్నాను.

"ఏముంది, మీ పేట జాతర. ప్రతిసారీ ఇదే గోల. వెయ్యిమంది నీళ్ళకుండలతో సహా ఒక్కచోటికి చేరితే ఈ ముసలి పంపు అందుకోలేదు. ఇదివరకు రెండుండేవి. ఒకటి చెడిపోయి మూడు సీజన్లయింది, విడిభాగం కింద నుంచి రావాలి, వస్తూనే ఉంది."

"అందుకోకపోతే ఏమవుతుందండీ?"

"భయపడాల్సినంత ఏమీ కాదు. చక్రం తిరగబట్టే కదా మనకి బరువు, ఆ తిరగడంలో చిన్న తేడా వస్తుంది. మీవాళ్ళు నిలబడ్డ వైపు మనుషులు రవ్వంత తేలికవుతారు. వాళ్ళు వెళ్ళిపోగానే సర్దుకుంటుంది."

"తేలికైతే, గెంతినవాళ్ళు ఎక్కువ దూరం పోతారా?"

"పోతారు. పెద్ద గెంతైతే ఓ బెత్తెడు. ఎందుకలా అడిగారు?"

ఆవిడ పందేలు చూడరు. తీరిక లేదు, ఆసక్తీ లేదు. పందేలవాళ్ళకి పంపు సంగతి తెలియదు, పంపు దగ్గరున్నావిడకి పందెం సంగతి తెలియదు. ఎవర్నీ అనడానికి లేదు.

"రెండు సీజన్ల కిందట," అన్నాను. "ఫైనల్ రోజున?"

"బాబోయ్, ఆ రోజా! ఆ రోజైతే పంపు అసలు..." అంటూ ఆగిపోయారు. నేను ఎవరి పెళ్ళాన్నో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. వాల్వు పిడి వదిలేశారు. "అయ్యో, దాలమ్మగారూ," అన్నారు.

నా చేతులు పిడి మీదే ఉండిపోయాయి. కాసేపటికి తొట్టిలో నీళ్ళు సమమయ్యాయి. పేటవాళ్ళు ఇళ్ళకి బయల్దేరారన్నమాట. ఆ ఫైనల్ రోజున నేను మొదటి మెట్టు మీద నిలబడ్డాను, గటంతో. పైకి వినబడేలా ఆయన పేరు పెట్టి అరిచాను.

జల్లెడ మిగతా సగం కడిగేశాను.

నమోదు 308

పైడికి నిన్న కడ్డీ మెడ కింద ఎముకకి తగిలింది. ఇంకో బెత్తెడు పైనైతే గొంతు. ముందు పరిగెత్తిన పక్క వాడ కుర్రాడు కూడా కడ్డీ తప్పాడు, మావాళ్ళు అప్పటికే మెట్లెక్కేశారు మరి. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు, వాడు అంతకుముందెప్పుడూ తప్పలేదు కాబట్టి.

పైడికి కట్టు కడుతూ అంతా చెప్పాను. కదలకుండా వింది. చివరికి ఒకే ఒక్క మాట అడిగింది.

"అయితే అన్నయ్య ఎక్కువ గెంతనేదా?"

"నేదు. ఎప్పుడూ గెంతినట్టే గెంతినాడు."

అది ముఖం మోకాళ్ళలో పెట్టుకుని ఏడ్చింది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. నేను కట్టు ముడి సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాను.

"ఇప్పుడేటి సేద్దామే? తక్కువ గెంతగలవా?"

"ఎంత తక్కువ? ఆ రోజు ఎంతమందొస్తారో, ఎన్ని నీల్లు తెస్తారో నాకెలగ తెలుస్తాది? తక్కువ గెంతితే అసలుకే అందదు." కళ్ళు తుడుచుకుంది. "పేటోల్లకి సెప్పకు వొదినా."

"ఏటే నీ తలకాయ! సెప్పకపోతే ఈపాలి గొంతుకే తగుల్తాది."

"తగిల్తే తగిలినాది. ఆల్లే సంపీసినారని ఆల్లకెలగ సెప్తావు? గౌరమ్మప్పకి సెప్పగలవా? నెల్లాల్లు మనకి కూడొండి ఎట్టినాది."

నిజమే. చెప్పడం కన్నా గెంతడమే దానికి తేలిక.

"ఇదిగో పైడీ," అన్నాను. "ఒకర్ని సాగనంపినాను. నిన్ను సాగనంపనేను. నా వొల్ల కాదు."

నమోదు 309

ప్రభంజనరావు గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. మళ్ళీ టీ ఇప్పించారు. శ్రద్ధగా విన్నారు. ఫైనల్ వాయిదా వెయ్యడం ఎనిమిది వాడల వ్యవహారం, పంపు ఇంకో శాఖ వ్యవహారం అన్నారు. "మీ వాళ్ళని రావద్దనండి, అంతేగా!" అన్నారు.

అంతేనట.

నమోదు 310

రచ్చసాలలో పేటంతా చేరింది. నాతో హైమవతి గారు కూడా వచ్చి వివరంగా చెప్పారు. ఆవిడ మాటలు మావాళ్ళకి సగమే ఎక్కాయి. పేటపెద్ద బంగారయ్య తాత, ఈ చక్రానికి తొలి అతుకులు వేసినవాళ్ళలో ఆఖరివాడు, తుండు దులిపి భుజాన వేసుకున్నాడు.

"రేసను నూకలు తిని సక్రం ఒరిగీటంత బలిసిపోనామేటే దాలమ్మా?"

అందరూ నవ్వారు. నవ్వడానికి చాలా తయారుగా ఉన్నారు.

"ఒరగదు తాతా. తేలికవుతాదంతే. మనం రాని రోజున పైడి ఎప్పుడైనా కడ్డీ తప్పినాదా? సెప్పు."

వెనక నుంచి గౌరమ్మ లేచింది.

"మరి ఎర్నాయుడి రోజున?"

పైడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, వద్దన్నట్టు. నేను గౌరమ్మ ముఖంలోకే చూశాను.

"ఆ రోజూ అంతేనమ్మా."

నాకు ఏదో అనిపిస్తుందనుకున్నాను ఆ మాట అన్నాక. అనిపించలేదు. గౌరమ్మ మాత్రం నిలబడ్డ చోటే కూలబడింది. "పేద్ద గటం ఎత్తినాను ఆ రోజు," అంది. "రెండు బిందెల నీల్లు పట్టినాది. నా గటమే అందరికన్నా పెద్దదని ఎంత మురిసిపోనానో." బంగారయ్య తాత తుండు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరో మగవాడు గోడని గుద్దాడు. ఒక ముసలామె, నిజం కాదు, ఇది నిజం కాదు, ఈ దాలమ్మకి మతి పోయిందంది. ఇంకెవరో ఆమెని ఊరుకోమన్నారు.

చాలాసేపటికి తాత అడిగాడు, "అయితే తలుపులేసుకుని ఇంటికాడ కూకోమంటావా?"

దానికి పేటంతా గగ్గోలెత్తింది. ఇంట్లో కూర్చుంటే మైల. పిల్ల ప్రాణం మీదికొచ్చే రోజున మైల పిలుస్తామా? చచ్చినా కూర్చోం. వాదించి లాభం లేదని నాకు తెలుసు. హైమవతి గారే ఒక దారి చెప్పారు. సగంమంది మైదానానికి వెళ్ళాలి, సగంమంది సరిగ్గా దానికి ఎదురు పక్కకి, అంటే చక్రానికి ఆ చివర ఉల్లిపాయల గోదాముల దగ్గరికి వెళ్ళాలి. గటాలు ఎత్తుకోవచ్చు. బరువు సమంగా ఉంటే చాలు, మిగతాది పంపు చూసుకుంటుంది.

"గోదాముల కాడ టీవీ కూడా నేదు గదా," అన్నాడు తాత. "ఆ సగం ఎవులు?"

పైడి పరుగు చూడకుండా ఉల్లిపాయల మధ్య నిలబడమంటే ఎవరు ముందుకొస్తారు! ఎవరిష్టం వాళ్ళదని చెప్పి తాత లేచిపోయాడు. ఒక్కొక్కరూ తలొంచుకుని ఇంటిదారి పట్టారు.

నమోదు 312

ఇది నిన్నటి సంగతి. ఫైనల్.

పొద్దున్నే పైడికి తల దువ్వాను. "సగంమందే ఉంటారు మెట్ల మీద, గాబరా పడకు," అన్నాను. నేను గోదాముల దగ్గరికి పోతున్నానని చెప్పాను. "నువ్వు కూడా సూడవా?" అంది. "నీ గెంతు నాకు సూడ్డానికేటుందే, ఇంటికాడ మంచం మీంచి రోజూ సూస్తన్నాను గదా," అన్నాను. నవ్వింది.

గటం ఎత్తుకుని గోదాముల వీధికి వెళ్ళేసరికి అక్కడ ఎవరూ లేరు. ఉల్లి కంపు, మూసిన షట్టర్లు. ఒక్కదాన్నే నిలబడ్డాను. నా ఒక్కదాని బరువు ఎంత? హైమవతి గారి పంపు మీదే భారం వేశాను.

చక్రంలో దూరం నుంచి వచ్చే మనిషికి ముందు కాళ్ళు కనబడతాయి. వీధి పైకి వంగుతూ పోతుంది, కప్పు అడ్డమొస్తుంది. ముందు పాదాలు, తరవాత మోకాళ్ళు, అందరికన్నా ఆఖర్న ముఖం. వీధి చివర పాదాలు కనబడ్డాయి. చెప్పుల్లేవు. గౌరమ్మ. చిన్న గటం ఎత్తుకుంది ఈసారి. వచ్చి నా పక్కన నిలబడింది. తరవాత ఆమె మొగుడు, పిల్లలు. తరవాత ఇంకో నాలుగిళ్ళవాళ్ళు. పరవాలేదు, కొంతమందైనా వచ్చారనుకున్నాను.

రావడం ఆగలేదు. వీధికి రెండు వైపుల నుంచీ పాదాలు. బాలింతలు, ముసలివాళ్ళు, మంచం మీద తెచ్చినవాళ్ళు. వచ్చినవాళ్ళు అప్పటికే ఉన్నవాళ్ళని చూసి తెల్లబోతున్నారు. అందరికన్నా వెనక తుండు తలపాగా చుట్టుకుని బంగారయ్య తాత.

"నువ్వేటి తాతా ఇక్కడ?"

"సూసీవోల్లు సూస్తార్లే, నాను ఇక్కడ బరువుకి ఉంటానని వొచ్చినాను." చుట్టూ చూశాడు. "మరి సూసీవోల్లేరీ?"

ఒక్కరు లేరు. ప్రతి ఇంటివాళ్ళూ అదే అనుకున్నారు. పక్కింటివాళ్ళు వెళ్ళి చూస్తారు, మనం త్యాగం చేద్దాం అనుకున్నారు. ఒకరికొకరు చెప్పుకోలేదు, రచ్చసాలలో జరిగినదాని తరవాత ఎవరి ముఖం ఎవరూ చూడలేదు మరి. వెయ్యిమంది, వెయ్యిమందీ ఉల్లిపాయల దగ్గర. మైదానంలో మెట్లు ఖాళీ. ఇప్పుడు ఇటు మేం తేలికవుతాం. అటు పైడికి ఒళ్ళు బరువవుతుంది. బెత్తెడు తక్కువ పడుతుంది, వేళ్ళ కొసలకి కడ్డీ తగిలి జారిపోతుంది.

"ఓరి మీ దుంపతెగ!" అని అరిచాను. రెండు సీజన్ల తరవాత నా గొంతు అంత పైకి లేచింది. "అందరూ ఇక్కడే సచ్చినారేట్రా! గుంట కడ్డీకి అందదిప్పుడు! ఎల్లండి, సగం అటు, సగం ఇటు! సక్రం సుట్టూ పోండి! దీపస్తంబానికి ఒక ఇల్లు. ఆ ఇంటోల్లు అక్కడ ఆగిపోండి, మిగతావోల్లు ముందుకి పోండి. గంట ఇనబడితే ఎక్కడోల్లక్కడే. మల్లీ ఒకరొచ్చి సెప్పీదాకా కదిలితే ఒట్టే!"

పరిగెత్తారు. గటాలతో పరిగెత్తడం ఎవరికీ రాదు, నీళ్ళు ఒలికాయి, పిల్లలు ఏడ్చారు, మంచాలు మోసేవాళ్ళు ఒకర్నొకరు తిట్టుకున్నారు. ఎనిమిది వాడల వీధుల్లోకీ మా పేట పాకిపోయింది. నా స్తంభం దగ్గర నేనొక్కదాన్నే మిగిలాను. ఎనిమిది వాడల్లోనూ వినబడే పందెం గంట మోగింది.

కదలకుండా నిలబడ్డాను. గటం నెత్తి మీద ఉంది కాబట్టి నీళ్ళు సమంగా ఉన్నాయో లేదో నాకు కనబడదు. పైడి ఇప్పుడు గోడ ఎక్కుతూ ఉంటుంది. ఇప్పుడు దుంగలు. ఇప్పుడు తాళ్ళు. కడ్డీ పట్టుకున్నదీ లేనిదీ ఎప్పుడూ మా పేట అరుపుతోనే చక్రమంతా తెలిసేది. ఈసారి అక్కడ అరిచేవాళ్ళు లేరు. ఎంతసేపు విన్నా ఏమీ వినబడలేదు. పట్టుకుంటే ఇంతే నిశ్శబ్దం, పడిపోయినా ఇంతే నిశ్శబ్దం. అయిపోయి ఉంటుంది. ఇంకా ఎవరూ రావడం లేదు. మెడ నొప్పి మొదలైంది. భయమేసింది. ఎన్నాళ్ళకో భయమేసింది.

తరవాత ఎక్కడో, చాలా దూరంలో, గటం నేల మీద పెట్టిన చప్పుడు. నీళ్ళు పారబోసిన చప్పుడు. కాసేపాగి ఇంకొకటి. కాసేపాగి ఇంకొకటి, ఇంకాస్త దగ్గరగా. ఎవరో ఒక్కో స్తంభం దగ్గరా ఆగుతూ వస్తున్నారు. మంచి కబురు మోసుకొచ్చేవాళ్ళు పరిగెత్తుకు రారా? వీళ్ళు నడుస్తున్నారు.

వీధి చివర పాదాలు కనబడ్డాయి. పందెం బూట్లు. తరవాత మోకాళ్ళు, సుద్దతో తెల్లగా. చేతులు రెండూ ఉన్నాయి, ఊపుతూ నడుస్తోంది. ఆఖర్న ముఖం. కోపంగా ఉంది.

"దించు వొదినా, అయిపోనాది."

నా చేతులు లేవలేదు. తనే ఎత్తి కింద పెట్టింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను. రెండో తానం. ఎవుడో గుంటడు నాకన్నా బేగి పరిగెట్టీసినాడు." అరచేతులు నా ముందు చాపింది. అడ్డంగా ఎర్రటి గీతలు. "మెట్లన్నీ కాలీ! ఒక్కలంటే ఒక్కలు నేరు! పేటంతా నా మీద అలిగీసినారనుకున్నాను. అయినా గెంతినాను. దిగి బయటికొస్తే ఈదంతా స్తంబానికొకరు బొమ్మల్లాగ నిలబడున్నారు. ఏటైనాది అంటే మాటాడరు, కదలరు. నానెల్లి దించమంటే గాని దించరు. నా గెంతు ఒక్కలు కూడా సూడనేదు వొదినా!"

"నేదే," అన్నాను. "ఒక్కలం కూడా సూడనేదు."

ఎర్నాయుడి గెంతు మేమందరం చూశాం.

అప్పుడు ఏడుపొచ్చింది. చిన్నగా కాదు. ఆయన పోయిన రోజున రానిది, నెల్లాళ్ళు గౌరమ్మ వండి పెట్టిన అన్నం ముందు రానిది, వాల్వు పిడి పట్టుకున్నప్పుడు రానిది. ఆయన ఎక్కువ గెంతలేదు. పొగరు లేదు, అమ్ముకోలేదు. మేమంతా ఆయన్ని చూడాలని వెళ్ళాం, అంతే. వీధి మధ్యలో నేల మీద కూర్చుని గొంతు పోయేలా ఏడ్చాను. పైడి కోపం మర్చిపోయి నా పక్కన చతికిలబడింది.

కాసేపటికి లేపింది. అవతలి సగం చక్రంలో మావాళ్ళు ఇంకా గటాలు మోస్తూ నిలబడే ఉన్నారు, చెప్పేదాకా కదలరు. ఇద్దరం బయల్దేరాం. ప్రతి స్తంభం దగ్గరా పైడి గటం దించి, ఏటవాలు గోడ దగ్గర్నుంచి మొదలెట్టి మొత్తం చెప్పింది, ఎలా ఎక్కిందీ, దుంగ మీద కాలెక్కడ జారబోయిందీ, ఎలా గెంతిందీ. వాళ్ళు నోరు తెరుచుకుని విన్నారు, పట్టుకుందని చెప్పగానే నీళ్ళు పోసి గట్టిగా అరిచారు. నేను దాని వెనకే నడుస్తూ ఏడుస్తూనే ఉన్నాను. నన్ను ఎవరూ ఊరుకోమనలేదు.